గోదావర్యాః ఉత్తర తీరే

జయరాముడికి ఒక మొక్కు ఉండిపోయింది. పెద్ద మొక్కేమీ కాదు. భార్యాభర్తలిద్దరూ జన్మలో ఒక్కసారి సీతారాముల కల్యాణంలో పీటల మీద కూర్చోవాలి, తలంబ్రాలు పడేదాకా లేవకూడదు. కూతురు చిన్నప్పుడు జ్వరం తలకెక్కి భద్రాచలం ఆసుపత్రిలో కళ్లు తెరవకుండా పడి ఉంటే, మల్లీశ్వరి తడిచీరతో గుడి మెట్ల మీద నిలబడి మొక్కుకుంది. పిల్ల లేచి కూర్చుని అన్నం అడిగింది. ఆ పిల్ల ఇప్పుడు నర్సింగు చదువుతోంది. మొక్కు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ముందు భద్రాచలంలోనే తీర్చుకుందామనుకున్నారు. అక్కడ పీటల మీద కూర్చునే భాగ్యం తమలాంటి వాళ్లకు అంత తేలిగ్గా దొరకదు. ఈలోపు జయరాముడు సెంట్రింగ్ పనికి ఒమన్ వచ్చి ఇబ్రాలో పడ్డాడు. కొన్నాళ్లకు మల్లీశ్వరి కూడా మస్కట్ పక్కన అల్ హైల్‌లో ఒక ఇంటికి పనికి వచ్చింది. మొగుడూ పెళ్లాం ఒకే దేశంలో ఉన్నారు, ఇంకేం కావాలి అని ఊళ్లో అందరూ అన్నారు. దేశం ఒకటే. మధ్యలో కొండల దారి, ఆ దారి చివర ఒక ఇనుప గేటు. ఆ గేటు దాటి ఆమె బయటికి రావడం పండగలాగా ఎప్పుడో ఒకసారి.

ఆ ఇంటి యజమానురాలు సఫియా చెడ్డమనిషి కాదు. బడిలో టీచరు. జీతం ఆపింది లేదు, మాట తూలింది లేదు. కాని అంతకుముందు పని చేసిన మనిషి మొగుడొచ్చాడని చెప్పి వెళ్లి మళ్లీ తిరిగి రాలేదట. అప్పటి నుంచి ఆమెకు మొగుళ్ల మీద నమ్మకం పోయింది. మస్కట్‌లో తెలుగు సంఘం ఏటా సీతారాముల కల్యాణం చేస్తుందని తెలిసి, మల్లీశ్వరి తనకొచ్చిన అరబ్బీలో మొక్కు సంగతి చెప్పుకుంటే ఓపిగ్గా విని, మీ దేవుడి పెళ్లికి నేను అడ్డు రానంది. ఆ పెళ్లి చేసే సంఘం వాళ్లు తనకు ఫోన్ చేసి పిలవాలి, పొద్దుగూకి చేసే మగ్రిబ్ నమాజు వేళకు మల్లీశ్వరి ఇంట్లో ఉండాలి. అంతే.

అంటే కావలసింది సంఘం నుంచి ఒక్క ఫోను.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఒకప్పుడు మస్కట్‌లో తెలుగువాళ్లకు ఒకటే సంఘం ఉండేదని పాతవాళ్లు చెబుతారు. రాష్ట్రం రెండయ్యాక ఈ సంఘమూ రెండయింది, కల్యాణమూ రెండయింది. నవమి వెళ్లిన శుక్రవారం రెండు హాళ్లలో, రెండు మైకుల్లో, ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు. జయరాముడి రూములో ఉండే జగిత్యాల ఇస్తారి దీని మీద ప్రతి ఏడూ ఒకటే జోకు వేసేవాడు. ఏకపత్నీవ్రతుడు గాబట్టి ఒక్కామెనే రెండుసార్లు చేసుకుంటున్నడు అని.

రెండు సంఘాల్లోనూ ఒక మంచి పద్ధతి మాత్రం మిగిలింది. పెద్ద ఉద్యోగుల జంటలతో పాటు ఒక కూలీ జంటను కూడా పీటల మీద కూర్చోబెడతారు. కూలీల్లో మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఈ దేశంలో ఉన్నవాళ్లు అరుదు. కాబట్టి ఆ చోటు తమకు దొరికినట్టేనని జయరాముడు అనుకున్నాడు. తన ఊరి సంగతి ఒకటుందని అప్పటికి అతనికి తట్టలేదు.

ఆ ఊరు భద్రాచలాన్ని ఆనుకునే ఉంటుంది. గుడి గంట ఇంట్లోకి వినపడుతుంది. తెలంగాణ కోసం జనం రోడ్ల మీద వంటావార్పు చేసిన రోజుల్లో జయరాముడు నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి గుండిగెడు పులిహోర కలిపాడు. రాష్ట్రం రానే వచ్చింది. వచ్చేటప్పుడే, పోలవరం కోసమని గోదావరి పక్కన కొన్ని మండలాలను ఆంధ్రలో కలిపేశారు. ఆ గీత గుడికి ఇవతల నుంచి పోయింది. రాముడు తెలంగాణలో ఉండిపోయాడు, జయరాముడు ఆంధ్రలో పడ్డాడు. తాతల నాడు ఆ ఊరు తూర్పు గోదావరి, తర్వాత ఖమ్మం, మళ్లీ తూర్పు గోదావరి, ఆ తర్వాత అల్లూరి జిల్లా. ఇప్పుడు ఇంకో కొత్త జిల్లా అంటున్నారు. ఊరు మాత్రం ఒక్క అంగుళం జరగలేదు.

*

ఒక శుక్రవారం జయరాముడు తెలంగాణ సంఘం కార్యదర్శి రఘుపతిని కలవడానికి మస్కట్ వెళ్లాడు. రఘుపతి సిరిసిల్ల వాడు, ఇంజనీరు, మాట మెత్తన. చాయ్ పోయించి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, మొక్కు సంగతంతా విన్నాడు. మంచిది, ఇసొంటి జంటనే మాకు గావాలె అన్నాడు. అంతా అయ్యాక ఏ మండలమని అడిగాడు. జయరాముడు చెప్పాడు. రఘుపతి చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“అది ఆంధ్రల కలిసింది గదనే.”

“మాదేం లేదు సార్. అడక్కుండా కలిపారు. వంటావార్పులో పులిహోర కలిపిన చెయ్యి సార్ ఇది.”

“నువ్వు కలిపినవ్, నేను కాదంటలేను. నిన్ను గూడ కలిపిన్రు గద, అటు దిక్కు. ఇప్పుడు నిన్ను కూసోబెడితె, మనోళ్లు ఒక్కరు దొరకలేదా అని మా కమిటీల నన్ను పీక్కతింటరు. ప్రభాకర్ గారి తానికి పో. నీ హక్కు ఆడ ఉన్నది.”

అని గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. తిట్టి పంపినా బాగుండేదని జయరాముడికి అనిపించింది.

ప్రభాకర్ ఆంధ్ర సంఘం అధ్యక్షుడు, కాకినాడ వాడు, హోటలు నడుపుతాడు. ఆ మధ్యాహ్నమే జయరాముడు హోటలుకు వెళ్లి, గిరాకీ తగ్గేదాకా కౌంటరు పక్కన నిలబడ్డాడు. ప్రభాకర్ విన్నాడు. మండలం పేరు చెప్పగానే ముఖం వికసించింది కూడా. అది మొదటి నుంచీ మా గోదావరి జిల్లాదేగా అన్నాడు. అంతలో జయరాముడు, మరి ఏందంటారు సార్ అని అడిగాడు.

“చూశావా, ఏంది అన్నావు. మావాళ్లు ఏంటండీ అంటారు.”

“మా వైపు అంతే అంటాం సార్.”

“అదే చెబుతున్నా. కాగితం మీద మావాడివే, కాదన్ను. నాలిక మీద ఇంకా అటేగా? ఈ ఏడు పలాస వాళ్లకి మాటిచ్చేశామయ్యా. వచ్చే ఏడు చూద్దాం. భోంచేసి వెళ్లు.”

జయరాముడు భోంచేయలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ కప్పకూ కోపం లేదు, పాముకూ కోపం లేదు. ఇద్దరూ మర్యాదగా అవతలి గుమ్మం చూపించారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అతనికి తెలియలేదు.

*

తిరిగి ఇబ్రాకు బండి నడిపిన మనిషి పేరు బామిడెలే. కంపెనీ డ్రైవరు. నైజీరియా వాడు, అక్కడి యొరుబా జాతి మనిషి. అతని పేరు మొదటిసారి విన్న రోజే ఇస్తారి, బామ్మర్దిలే, మనోడే అన్నాడు. ఆ దెబ్బతో క్యాంపులోని తెలుగువాళ్లందరికీ బామ్మర్ది అయిపోయాడు. ఆ మాటకు అర్థం పెళ్లాం తోడబుట్టినవాడని తెలిసినప్పుడు, ఇంతమంది ఆడపడుచులకు పండక్కి నేనేం పెట్టగలను అని అతను వాపోయాడు. తన పేరుకు అర్థం కూడా చెప్పాడు. నాతో ఇంటికి రా అని అర్థమట. తల్లిదండ్రులు ఊరు వదిలి వేరే చోట ఉండగా పుట్టిన బిడ్డలకు పెట్టుకునే పేరట. మీరు పిలిచేదీ దానికి దగ్గరే, చుట్టాన్ని ఇంటికే పిలుస్తారుగా అన్నాడు.

ఇద్దరూ మాట్లాడుకునేది సైటు భాష. కొంచెం హిందీ, కొంచెం ఇంగ్లీషు, మిగిలింది అరబ్బీ. అర్థం కానిచోట చేతులు. జయరాముడు రెండు గుమ్మాల కథ చెబితే బామిడెలే స్టీరింగు మీద చేత్తో కొట్టి నవ్వాడు. నవ్వు ఆగాక తన కథ చెప్పుకొచ్చాడు.

అతని ఊళ్లో మాట్లాడేది యొరుబా. పేర్లు యొరుబా, పెళ్లిళ్లు యొరుబా. కాని తెల్లవాళ్లు గీతలు గీసిన కాలంలో వాళ్లను ఉత్తరాది వాటాలో వేశారు. దక్షిణాన యొరుబా రాష్ట్రాలు ఆరు. అక్కడివాళ్లు మా గడ్డ అన్నప్పుడు ఆ ఆరింటినే లెక్కపెడతారు. ఉత్తరాదివాళ్లేమో మీరు దక్షిణం వాళ్లంటారు. మస్కట్‌లో యొరుబా వాళ్లు నెలకోసారి కలుస్తారు. అక్కడ ఇతను నోరు విప్పగానే ఎవరో ఒకరు, నీది కొండవైపు మాటలా ఉందే అంటారు.

“మా నాన్న ఒక ప్రాంతంలో పుట్టాడు. నేను ఒక రాష్ట్రంలో పుట్టాను. మా తమ్ముడు ఇంకో రాష్ట్రంలో పుట్టాడు. ముగ్గురం పుట్టింది ఒకే ఇంట్లో,” అన్నాడు బామిడెలే.

జయరాముడికి ఆ మాట ఎంత నచ్చిందంటే, బండి ఆపించి అతని చెయ్యి పట్టుకుందామనుకున్నాడు. మా ఇంట్లోనూ అంతేనని చెప్పాడు.

ఇప్పుడు అక్కడ కొత్త గాలి వీస్తోందని బామిడెలే ఉత్సాహంగా చెప్పాడు. యొరుబా వాళ్లందరినీ ఒక ప్రాంతంగా చేసి, పాతకాలంలో లాగా తమ పాలన తామే చూసుకునే అధికారం ఇవ్వాలని అడుగుతున్నారట. పోలీసులు, బడులు, పన్నులు అన్నీ తమ చేతిలోనే. దానికి ముందు రాష్ట్రాల హద్దులు తిరగ గీయాలి, అప్పుడు ఉత్తరాన చిక్కుకున్న తమ ఊళ్లు కూడా వచ్చి కలుస్తాయి. ఆ సభల మాటలు అతను రోజూ ఫోన్‌లో వింటాడు. ఈసారి వస్తుంది, ఇంటికి వెళ్లేసరికి వచ్చేస్తుంది అన్నాడు.

ఆ ఉత్సాహం జయరాముడికి తెలుసు. పొయ్యి పొగలో కళ్లు మండుతూ గుండిగె కలిపిన రోజు తన ముఖమూ అలాగే ఉండి ఉంటుంది. అందుకే ఊరుకోలేకపోయాడు.

“గీత గీసేవాడు మన వాకిట్లోకొచ్చి అడిగి గీయడు బామ్మర్దీ. నీవాళ్లు ప్రాంతం తెచ్చుకుంటారు, నిజమే. నీ ఊరు అందులో పడుద్దని నీకెవరు చెప్పారు?”

బామిడెలే బండి వేగం తగ్గించాడు.

“నీ ఊరు తప్పిపోయిందని నన్ను అడగడం మానేయమంటావా? అడిగినందుకు నువ్వు ఏడుస్తున్నావా, దొరకనందుకు ఏడుస్తున్నావా?”

కొండలు అయిపోయి ఇబ్రా దీపాలు కనపడ్డాయి. క్యాంపు దగ్గర దిగేటప్పుడు జయరాముడు వస్తానన్నాడు. అవతలి నుంచి తలుపు చప్పుడే వచ్చింది.

మర్నాడు తెల్లవారుజామున స్నానం చేసి రాముడి పటం ముందు నిలబడ్డప్పుడు కూడా అతనికి అదే ప్రశ్న. అడగడం తప్పు కాదు. ఆకలేసిన పిల్ల అన్నం అడిగితే తప్పా? మరి తప్పెక్కడ జరిగింది స్వామీ? నువ్వు కూడా రాజ్యం అన్న మాటే తమ్ముడికి వదిలేసి అడవికే వచ్చావు కదా, మా గోదారి ఒడ్డుకే వచ్చావు కదా, అప్పుడు అది ఏ రాష్ట్రం? రాముడు ఎప్పటిలాగే సీతమ్మను ఎడమ తొడ మీద కూర్చోబెట్టుకుని నవ్వుతున్నాడు. జయరాముడు లెంపలు వేసుకుని డ్యూటీకి పోయాడు.

*

కథ మలుపు తిరిగింది తలంబ్రాల వల్ల.

అందరి ఇళ్లలో తలంబ్రాలు పచ్చగా ఉంటాయి. భద్రాద్రి రాముడి తలంబ్రాలు మాత్రం ఎర్రగా ఉంటాయి, గులాలు కలుపుతారు. సెలవు మీద ఇంటికి వెళ్లిన ఒకాయన చేతికి జయరాముడి అన్న నిరుటి కల్యాణం తలంబ్రాలు చిన్న గుడ్డసంచిలో పోసి పంపాడు. ఇస్తారి వాటిని కళ్లకద్దుకుని, ఫోటో తీసి, మా రూములకు రాములోరే దిగిన్రు అని రాసి తెలిసిన వాళ్లందరికీ పంపాడు. సాయంత్రానికి ఆ ఫోటో రెండు సంఘాల్లోనూ తిరిగింది.

ముందు రఘుపతి ఫోన్ చేశాడు. కమిటీతో మాట్లాడాడట. కల్యాణానికి ముందు వేదిక మీద జయరాముడు ఓ నాలుగు మాటలు చెప్పాలి. తన ఊరిని ఎట్లా గుంజుకున్నారో, రాముడి నుంచి ఎట్లా విడదీశారో చెప్పాలి. కండ్లల్ల నీళ్లొస్తె రానియ్యి, ఆపుకోకు అన్నాడు. తర్వాత పీటల మీద కూర్చోబెడతారు. తలంబ్రాలు మర్చిపోవద్దు.

గంట తిరక్కుండా ప్రభాకర్ ఫోను. పలాస వాళ్లకు డ్యూటీ పడిందట. నువ్వు, మీ ఆవిడ వచ్చి కూర్చోండి, ఆ తలంబ్రాలు పట్రా అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

ఇస్తారి తెలంగాణ వైపే లాగాడు. రఘుపతి చెప్పమన్నది అబద్ధం కాదు గదా, చెప్పడానికి నీకేం నొప్పి అన్నాడు. నిజమే, అబద్ధం కాదు. కాని పెళ్లి పందిట్లో ఏడవడం శుభమా? దేవుడి పీట ఎక్కడానికి ముందు కన్నీళ్లు కొలిచి ఇవ్వాలా? మల్లీశ్వరిని ఫోన్‌లో అడిగితే ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది.

“ఏమీ అడగనోళ్ల దగ్గరికి పోదాం మావా. మనం కూర్చోడానికి పోతన్నాం, మాట్టాడ్డానికి కాదు.”

జయరాముడు ప్రభాకర్‌కు సరేనన్నాడు. తలంబ్రాలు రాముడివి, నన్ను కూర్చోబెట్టినా పెట్టకపోయినా తెచ్చి ఇస్తాను సార్ అని కూడా చెప్పాడు. అవి బేరంలో పెట్టిన సరుకులా కాకూడదని అతని భయం. ప్రభాకర్ ఆ సాయంత్రమే సఫియాకు ఫోన్ చేశాడు. సఫియా ఒప్పుకుంది. ఇబ్రాలో జయరాముడు, అల్ హైల్‌లో మల్లీశ్వరి, ఆ రాత్రి ఇద్దరూ నిద్రపోలేదు.

*

శుక్రవారం పొద్దున్నే బండి కావాలి. బామిడెలేను అడగడానికి జయరాముడికి మొహం చెల్లలేదు. ఆ రోజు నుంచీ ఇద్దరి మధ్యా పొడిపొడి మాటలే. కాని స్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టుకుని బయటికి వచ్చేసరికి బామిడెలే బండి తుడుచుకుని, పూల చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు.

“మా అక్క పెళ్లికి బామ్మర్ది లేకుండా పోతావా?” అన్నాడు.

అల్ హైల్‌లో గేటు ముందు బండి ఆగితే సఫియా బయటికి వచ్చి చూసింది. పంచె కట్టుకున్న మొగుడు సరే, ఈ పొడుగాటి నల్లటి మనిషి ఎవరని అడిగింది. మల్లీశ్వరి తడుముకోకుండా, మా తమ్ముడు, మామా అంది. ఆ ఇళ్లలో యజమానురాలిని పనివాళ్లు పిలిచే పిలుపు అది. సఫియా ఇద్దరి ముఖాలనూ మార్చి మార్చి చూసి, నవ్వు ఆపుకుంటూ, మగ్రిబ్ అని వేలెత్తి చూపించి లోపలికి పోయింది. మల్లీశ్వరి పట్టుచీర కట్టుకుంది. పెట్టె అడుగున ఎన్నాళ్లుగానో మడతపెట్టి ఉన్న చీర. మడతల దగ్గర రంగు వెలిసింది. జయరాముడు ఆమెను కళ్లారా చూసి, తలంబ్రాల సంచి ఆమె చేతిలో పెట్టాడు.

హాలు మామిడాకుల తోరణాలతో, మల్లెల వాసనతో నిజంగా పెళ్లి ఇంటిలాగే ఉంది. ప్రభాకర్ ఎదురొచ్చి, సంచి అందుకుని, భద్రాద్రి అసలు తలంబ్రాలు వచ్చాయని మైకులో చెప్పించాడు. పీటల మీద వరుసగా జంటలను కూర్చోబెట్టారు. చివరి పీట జయరాముడిది. మల్లీశ్వరి మోకాలు తన మోకాలికి తగులుతుంటే అతనికి సగం మొక్కు అప్పుడే తీరినట్టనిపించింది.

పంతులుగారు సంకల్పం మొదలుపెట్టారు. వారంలో ఆరు రోజులు ఏదో ఆఫీసులో లెక్కలు చూసుకునే మనిషి, మంత్రం మాత్రం స్పష్టంగా చెబుతాడు. ఒక్కొక్క జంట దగ్గరికీ వచ్చి గోత్రం, పేరు, సొంత ఊరు ఎటు వైపో అడిగి చెప్పిస్తున్నాడు. జయరాముడి వంతు వచ్చింది.

“స్వస్థలం ఎక్కడ నాయనా?”

మళ్లీ అదే ప్రశ్న. ఏ జిల్లా చెప్పాలి, ఏ రాష్ట్రం చెప్పాలి? భద్రాచలం పక్కన అని మెల్లగా గొణిగాడు. పంతులుగారు తల కూడా ఎత్తలేదు.

“అయితే శ్రీశైలస్య ఈశాన్య దిగ్భాగే, గోదావర్యాః ఉత్తర తీరే. ఊ, చెప్పండి.”

జయరాముడు చెప్పాడు. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నప్పుడల్లా విన్న మాటలే. ఇన్నేళ్లూ అవి మంత్రమనుకున్నాడు, చిరునామా అని తోచలేదు. కొండ పేరుంది, దిక్కుంది, నది పేరుంది, ఒడ్డు కూడా ఉంది. ఇంకేమీ అడగరు. గీతలు ఎన్నిసార్లు మారినా ఈ మాటల్లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. అతనికి కళ్లు చెమర్చాయి. ఎవరూ ఏడవమనకుండానే వచ్చాయి నీళ్లు.

మాంగల్యధారణ అయింది. ఇక తలంబ్రాలు. అప్పుడు వచ్చాడు ప్రభాకర్ మైకు పట్టుకుని. పక్కన వీడియో తీసే మనిషి.

“ఈ తలంబ్రాలు తెచ్చిన జయరాముడు గారిది సాక్షాత్తూ రాములవారి పొరుగూరు. ఆ ఊరు మన ఆంధ్రలో కలిసింది. కలిసినందుకు వారికెంత సంతోషంగా ఉందో వారి నోటితోనే విందాం. ఒక్క ముక్క చెప్పండి చాలు.”

మైకు ముఖం ముందుకు వచ్చింది. హాలంతా చూస్తోంది. మల్లీశ్వరి అతని పంచె అంచు పట్టుకుంది. ఒక్క ముక్క. సంతోషంగా ఉందంటే అయిపోతుంది, తలంబ్రాలు పడతాయి, మొక్కు తీరుతుంది. సంతోషంగా లేదంటే పెళ్లిలో గొడవ. అసలు తన మనసులో ఉన్నది ఆ రెండూ కాదు. జ్వరమొస్తే పిల్లను ఎత్తుకుపోయింది గీతకు అవతలి ఆసుపత్రికి. ఆఫీసు కాగితం కావాలంటే పోవలసింది కొండలు దాటి ఎక్కడికో. దీన్ని సంతోషమని రాముడి ఎదుట ఎలా అంటాడు? రఘుపతి కోరినట్టు దీన్నే ఏడుపుగా అమ్ముకోవడం కూడా ఎలా?

“మాది గోదారికి ఉత్తరపు ఒడ్డండీ,” అన్నాడు చివరికి. “పంతులుగారికి ఇందాకే చెప్పాను. రాములోరిదీ ఆ ఒడ్డే.”

వెనక వరుసల్లో ఎవరో చప్పట్లు కొట్టి, పక్కవాళ్లు కొట్టకపోయేసరికి ఆపేశారు. ప్రభాకర్ నవ్వుతూనే మైకు కట్టేశాడు. వంగి చెవి దగ్గర, ఏమీ అడక్కుండా పిలిచి కూర్చోబెడితే ఒక్క ముక్క చెప్పలేకపోయావా అన్నాడు. తర్వాత గొంతు పెంచి, దాతలు వచ్చారు, ఫోటో కోసం ఈ చివరి పీట కాస్త ఖాళీ చేయాలి, రెండు నిమిషాలు అన్నాడు.

“లేవమాకు మావా,” అంది మల్లీశ్వరి.

దాతల జంట అప్పటికే వచ్చి పక్కన నిలబడింది. ఆవిడ చేతిలో పూలు, ముఖంలో ఇబ్బంది. వాళ్ల తప్పేమీ లేదు. దేవుడి ముందు పీట కోసం పెనుగులాడాలా? జయరాముడు లేచాడు. అతను లేచాడు కాబట్టి మల్లీశ్వరీ లేచింది.

ఫోటో అయింది. దాతలు కూర్చున్నచోటే కూర్చుండిపోయారు. మంగళవాయిద్యాలు మోగాయి. స్తంభం పక్కన నిలబడి ఇద్దరూ చూస్తుండగా జయరాముడి అన్న పంపిన ఎర్రటి తలంబ్రాలు సీతారాముల తలల మీద, ముందు వరుస వాళ్ల తలల మీద పడ్డాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారు. ఇక్కడ పూజారి కూడా ఇచ్చాడు.

*

బయట ఎండలో బండి నీడన బామిడెలే కూర్చుని ఉన్నాడు. వాళ్ల ముఖాలు చూసి, ఎవరో పెట్టిన ప్రసాదం పొట్లం పక్కన పెట్టాడు. జయరాముడు జరిగింది చెప్పాడు. చెబుతున్నకొద్దీ కోపం ఎక్కువైంది, ప్రభాకర్ మీద కంటే తన మీద ఎక్కువ. లేవకుండా ఉండాల్సింది. సంతోషమని అనేసినా ఏం పోయేది? గాలికి పోయే మాట.

“అనలేదుగా, పోనీలే,” అంది మల్లీశ్వరి. కొంగు ముడి విప్పి చూపించింది. పొద్దున సంచి చేతికిచ్చినప్పుడే గుప్పెడు తలంబ్రాలు తీసి కట్టుకుంది. వెలిసిన పట్టుకు వాటి ఎర్రరంగు అంటింది.

జయరాముడికి ప్రాణం లేచి వచ్చింది. ఇక్కడే పోసుకుందామా అన్నాడు. ఆమె మళ్లీ ముడి వేసేసింది.

“పీట లేకుండా తలంబ్రాలేంది? మొక్కు తీరలేదు. తీరిందని రాముడి దగ్గర దొంగలెక్క చెప్పకు. ఇవి ఇట్టాగే ఉంటాయి.”

బామిడెలే ఇదంతా అర్థమయినంత మేరకు విన్నాడు. బండి తీశాక, హాలు వెనక్కిపోయాక నెమ్మదిగా అన్నాడు, “ఎవరైనా అడిగితే ఇక నేనూ అలాగే చెబుతాను. మాది నైజర్ నదికి పడమటి ఒడ్డు.”

“చెప్పు. ఒడ్డు పేరు చెబితే ఎవడూ కాగితం ఇవ్వడు,” అన్నాడు జయరాముడు. మళ్లీ, ఆ రోజు దారిలో అడిగినదానికి జవాబుగా అన్నట్టు, “అడగడం మానమాకు బామ్మర్దీ. గీసేటప్పుడు మాత్రం అక్కడే నిలబడు. నేను ఆ రోజు పులిహోర దగ్గర ఉండిపోయాను,” అన్నాడు.

జయరాముడి ఫోను మోగింది. అప్పటికే వీడియో ఎవరో పంపినట్టున్నారు. రఘుపతి నుంచి ఒక్క వాక్యం. ఆఖరికి వాళ్ల పందిట్లనే కూసున్నవ్. జయరాముడు ఫోను బోర్లా పెట్టాడు.

అల్ హైల్ చేరేసరికి మసీదులో అజాన్ ఇంకా మొదలవలేదు. సఫియా గేటు తీసి నిలబడి ఉంది. వేళకు తెచ్చినందుకు సంతోషించినట్టే కనపడింది. పెళ్లి అయిందా అని అడిగింది.

“వాళ్లకి అయింది, మామా,” అంది మల్లీశ్వరి.

సఫియాకు ఆ మాట అర్థం కాలేదు. మంచిది, మంచిది అని, జయరాముడి వైపు తిరిగి దయగానే చెప్పింది. వచ్చే ఏడు కూడా పంపుతానంది. ఈసారి లాగే ముందుగా మీ సంఘం వాళ్ల చేత ఒక ఫోన్ చేయించమంది.

ఏ సంఘమని ఆమె అడగలేదు. రెండున్నాయని ఆమెకు తెలియదు. జయరాముడు తల ఊపాడు. మల్లీశ్వరి కొంగుముడి పిడికిట్లో పట్టుకుని లోపలికి వెళ్లింది, గేటు మూసుకుంది.